గుత్తి మురారిరావు: పక్షాలు మార్చి నిలిచాడు, ఒక పక్షాన నిలిచి పడిపోయాడు

గుత్తి అంటే మన కోలారు, కేజీఎఫ్ తెలుగువాళ్లలో చాలామందికి రైలు జంక్షను. అనంతపురం దాటి కర్నూలు వైపు వెళ్లేటప్పుడు కనిపించే పెద్ద కొండకోట కూడా కొందరికి గుర్తుంటుంది. ఆ కోటను ముప్పై ఏళ్ల పాటు ఏలిన మురారిరావు ఘోర్పడే పేరు మాత్రం మన ఇళ్లలో అంతగా వినబడదు. హైదర్ అలీ సంగతి అందరికీ తెలుసు. బంగారుపేట దగ్గర బూదికోటలో పుట్టినవాడు, కోలారులో తండ్రి సమాధి ఉన్నవాడు. ఆ హైదర్‌కు దాదాపు పాతికేళ్ల పాటు ఒకప్పుడు తోడుగానూ ఒకప్పుడు శత్రువుగానూ నిలిచిన మనిషి మురారిరావు. వాళ్లిద్దరి పోరులో చాలా భాగం మన చిక్కబళ్లాపురం, హొసకోట, కోలారు సీమల్లోనే నడిచింది. అందుకే ఈ వారం ఆయన కథ చెప్పుకుందాం.

ముందుగా ఒక మాట. మురారిరావు మరాఠా సర్దారు, ఏలింది తెలుగు నేల. ఆయన సైన్యంలో మరాఠాలతో పాటు ముస్లింలూ ఉన్నారు. నిజాంతో, ఆర్కాటు నవాబుతో, మైసూరుతో, ఫ్రెంచివారితో, ఇంగ్లీషువారితో, పీష్వాతో చేయి కలిపాడు. వాళ్లలో చాలామందితో ఏదో ఒక రోజు పోరాడాడు కూడా. నమ్మకం లేనివాడనీ, డబ్బు మనిషనీ ఇంగ్లీషు రాతల్లో ఆయనకు పేరు. ఆ పేరు ఎంతవరకు నిజమో తెలియాలంటే ఆయన బతికిన కాలాన్ని చూడాలి.

సంతాజీ వంశం

ఘోర్పడేలు మరాఠా సైన్యంలో పేరున్న కుటుంబం. ఔరంగజేబు సైన్యాలను ముప్పుతిప్పలు పెట్టిన సేనాపతి సంతాజీ ఘోర్పడే ఆ ఇంటివాడే. ఆయన 1697లో హతుడయ్యాడు. శత్రువు చేతిలో కాదు, సొంత పక్షంలోని తగాదాల వల్ల. ఆ తర్వాత ఘోర్పడేలలో కొందరు పీష్వాల నీడకు దూరంగా, తుంగభద్రకు దక్షిణాన సొంత బలం కూడగట్టుకున్నారు. సిద్దోజీ ఘోర్పడే బళ్లారి దగ్గరి సండూరును బేడర పాళెగాడి నుంచి పట్టుకున్నాడు. సిద్దోజీ కొడుకుల్లో ఒకడు మురారిరావు. సండూరు ఒక తమ్ముడి శాఖకు దక్కింది. మురారిరావు తన వాటాను కత్తితోనే వెతుక్కోవాల్సి వచ్చింది.

మరాఠా రాజ్యానికి సేనాపతులను ఇచ్చిన ఇల్లు, ఆ రాజ్యంలోనే పక్కకు నెట్టబడిన ఇల్లు. పుణె పీష్వాలకు ఆయన పూర్తిగా సొంతవాడూ కాలేదు, పూర్తిగా పరాయివాడూ కాలేదు. జీవితమంతా ఆ రెండింటి మధ్యే గడిచింది.

తిరుచ్చి తాళం చెవి

ఆయన పేరు దక్షిణాదిలో మొదటిసారి గట్టిగా వినిపించింది తిరుచిరాపల్లిలో. 1740 మే నెలలో రఘోజీ భోంసలే నడిపిన మరాఠా సైన్యం మన చిత్తూరు సీమలోని దామలచెరువు కనుమ దగ్గర ఆర్కాటు నవాబు దోస్త్ అలీని చంపింది. మరుసటి ఏడాది మార్చిలో తిరుచ్చి కోట లొంగింది. కోటను కాపాడుతున్న చందా సాహెబ్‌ను బందీగా సతారాకు తీసుకుపోయారు. కోట బాధ్యత మురారిరావుకు అప్పగించి సైన్యం వెనక్కు వెళ్లింది.

రెండేళ్లు గడిచాయి. 1743లో హైదరాబాదు నిజాముల్ ముల్క్ పెద్ద సైన్యంతో కర్ణాటకానికి దిగాడు. మురారిరావు చివరి మనిషి వరకు పోరాడలేదు. బేరం కుదిరాక ఆగస్టులో కోట అప్పగించి ఉత్తరానికి వచ్చేశాడు. సాయం రాని చోట కోటతో పాటు చావడం ఆయన పద్ధతి కాదు. 1746 ప్రాంతంలో గుత్తి ఆయన చేతికి వచ్చింది. చుట్టూ చదునైన నేల, మధ్యలో నిటారుగా లేచిన రాతికొండలు, వాటి మీద గోడ వెనక గోడ. పెనుకొండ, మడకశిర, కొడికొండ వైపు కూడా ఆయన పట్టు సాగింది. అంటే ఈనాటి అనంతపురం నుంచి బాగేపల్లి మీదుగా బెంగళూరుకు వచ్చే దారిలో సగం ఆయనదే.

గుర్రపు దళం లెక్క

మురారిరావు పక్షాలు మార్చడం అర్థం కావాలంటే గుర్రపు దళం ఎలా బతికేదో తెలియాలి. ఆనాటి మరాఠా దళంలో రెండు రకాల రౌతులు ఉండేవారు. సర్దారు ఇచ్చిన గుర్రం మీద స్వారీ చేసేవాడు బారగీరు. సొంత గుర్రం, సొంత ఆయుధం తెచ్చుకునేవాడు సిలేదారు. సిలేదారు గుర్రం చనిపోతే అతని బతుకుతెరువే పోయినట్టు. కాబట్టి సర్దారు మనుషులనే కాక గుర్రాలనూ కాపాడుకోవాలి. నెలజీతం ఇవ్వాలి, మేత చూడాలి. గుత్తి సీమ వానలు తక్కువగా పడే మెట్టనేల. ఆ రాబడితో వేల గుర్రాలను సాకడం కష్టం. అందుకే దళాన్ని ఇతరుల యుద్ధాలకు అద్దెకు ఇచ్చేవాడు. పిలిచిన రాజు జీతం బకాయి పెడితే దళం కదలదు, లేదా ఎదుటివాడి దగ్గరకు వెళ్తుంది.

ఇది ఒక్క మురారిరావు లెక్క కాదు. ఆ కాలంలో దక్షిణాదిలో సగం సైన్యాలు ఇలాగే నడిచాయి. తేడా ఏమిటంటే ఆయన దళం మిగతావాటి కంటే క్రమశిక్షణ గలది. తుపాకుల ఎదుట చెదరకుండా నిలబడటం నేర్చుకున్న మరాఠా రౌతులు వీళ్లేనని ఇంగ్లీషు చరిత్రకారులే రాశారు. మంచి సరుకుకు గిరాకీ ఎక్కువ ఉన్నట్టు, ఆయన కోసం అందరూ కబురు పంపేవారు.

ఒకే యుద్ధం, మూడు పక్షాలు

1750ల ఆర్కాటు తగాదాలో ఇది బాగా కనిపిస్తుంది. నవాబు గద్దె కోసం ముహమ్మద్ అలీ, చందా సాహెబ్ పోరాడుతున్నారు. మొదటివాడి వెనక ఇంగ్లీషు కంపెనీ, రెండోవాడి వెనక ఫ్రెంచివారు. తిరుచ్చిలో చిక్కుకున్న ముహమ్మద్ అలీ మైసూరు సర్వాధికారి నంజరాజును సాయం అడిగాడు. నంజరాజు డబ్బిచ్చి మురారిరావును పిలిపించాడు.

1751లో రాబర్ట్ క్లైవ్ ఆర్కాటు కోటలో ముట్టడిలో ఉన్నప్పుడు మురారిరావు రౌతులు అక్కడికి కొన్ని ఆమడల దూరంలోనే దిగి ఉన్నారు. గెలుపు ఎటు మొగ్గుతుందో చూస్తూ ఆగారు. కొద్దిమందితో క్లైవ్ కోట నిలబెట్టడం చూశాక కదిలారు. నవంబరులో ముట్టడి విడిపోయింది. ఆ తర్వాత ఆరణి పోరులో ఆయన రౌతులు కొందరు క్లైవ్‌తో కలిసి పోరాడారు. 1752 జూన్‌లో చందా సాహెబ్ లొంగిపోయి హతుడయ్యాడు.

యుద్ధం ముగిసిందనుకున్నారు. కానీ సాయానికి బదులుగా తిరుచ్చి కోట ఇస్తానని మైసూరుకు మాటిచ్చిన ముహమ్మద్ అలీ, గెలిచాక ఇవ్వనన్నాడు. ఇంగ్లీషువారు అతని వెనకే నిలిచారు. నంజరాజు ఫ్రెంచి గవర్నరు డూప్లే వైపు తిరిగాడు. నంజరాజు జీతం తింటున్న మురారిరావూ తిరిగాడు. ఇక్కడ మొదట మాట తప్పింది ఎవరు? మురారిరావు కాదు. అయినా మాట తప్పినవాడి పేరు మాత్రం ఆయనకే మిగిలింది.

1754 ఫిబ్రవరిలో తిరుచ్చి ఇంగ్లీషు శిబిరానికి వెళ్తున్న సామాన్ల బండ్ల బారును మైసూరు, మరాఠా రౌతులు చుట్టుముట్టారు. కాపలాగా ఉన్న దాదాపు 180 మంది యూరోపియన్ సైనికుల్లో తప్పించుకున్నవాడు లేడు. ఆ యుద్ధమంతటిలో ఇంగ్లీషువారికి తగిలిన పెద్ద దెబ్బల్లో అదొకటి. ఆ రోజు మైసూరు రౌతులతో ఒక యువ నాయకుడు కూడా ఉన్నాడు. చెదిరిన ఇంగ్లీషు దళం నుంచి ఫిరంగులు తన వాటాగా పట్టుకున్నాడు. అతనే హైదర్ అలీ. అప్పటికి ఇద్దరూ ఒకే శిబిరం వాళ్లు.

కొన్ని నెలలకే నంజరాజు జీతాలు ఆగిపోయాయి. మురారిరావు ముహమ్మద్ అలీతో బేరం చేసుకున్నాడు. 3 లక్షల రూపాయలు, విడతలుగా: బయల్దేరేటప్పుడు కొంత, కనుమలు చేరాక కొంత, సొంత సీమ చేరాక మిగతాది. పోరాడటానికి కాదు, పోరాడకుండా ఇంటికి వెళ్లిపోవడానికి! అలా గుత్తికి తిరిగి వచ్చాడు.

అప్పు కాగితంతో కోట నిలబెట్టుకున్నాడు

ఫ్రెంచివారు ఆయనకు జీతం బకాయి పడ్డారు. చేతిలో పత్రం ఉంది, డబ్బు లేదు. 1756లో పీష్వా బాలాజీ బాజీరావు, నిజాం సలాబత్ జంగ్ కలిసి సవనూరు మీదికి వచ్చారు. సవనూరు పఠాన్ నవాబు పక్షాన మురారిరావు నిలిచాడు. మరాఠా సర్దారు మరాఠా పీష్వాకు ఎదురు నిలిచాడన్నమాట. నిజాం వెంట ఫ్రెంచి సేనాని బుస్సీ ఉన్నాడు. మురారిరావు ఆ పాత అప్పు పత్రాన్ని బుస్సీకి వదిలేశాడు. బుస్సీ మధ్యవర్తిగా నిలిచి, పీష్వాకు లోబడి ఉండేలా గుత్తిని మురారిరావుకే ఖాయం చేయించాడు. రాని బాకీతో చేజారబోయే కోటను కాపాడుకున్న తెలివి అది.

చిక్కబళ్లాపురంలో మొదటి తగువు

1761లో పానిపట్టులో మరాఠా సైన్యం నాశనమైంది. దక్షిణాన వాళ్ల పట్టు సడలింది. అదే ఏడు మైసూరులో హైదర్ అలీ సర్వాధికారి అయ్యాడు. నిజాం తమ్ముడు బసాలత్ జంగ్‌తో కలిసి హొసకోటను, శిరను పట్టాడు. దొడ్డబళ్లాపురం తీసుకున్నాడు. తర్వాత చిక్కబళ్లాపురం మీదికి వచ్చాడు. అక్కడి పాళెగాడు మురారిరావును పిలిచాడు. గుత్తి రౌతులు నంది కొండల దాకా వచ్చారు. కానీ ఈ హైదర్ తిరుచ్చి శిబిరంలో చూసిన కుర్ర నాయకుడు కాదు. మురారిరావును తరిమి, కొడికొండ, పెనుకొండ, మడకశిర లాక్కున్నాడు.

ఈ దెబ్బతో మురారిరావు లెక్క మారింది. 1764లో యువ పీష్వా మాధవరావు హైదర్ మీదికి వచ్చినప్పుడు ఆయన వెళ్లి చేరాడు. మాధవరావు ఆయనకు సేనాపతి బిరుదు తిరిగి ఇచ్చాడు. సంతాజీ ఇంటి నుంచి పోయిన గౌరవం దాదాపు డెబ్బై ఏళ్లకు ఆ ఇంటికి చేరింది. 1765 ఒప్పందంలో మురారిరావు నుంచి తీసుకున్న సీమలను తిరిగి ఇవ్వడానికి హైదర్ ఒప్పుకోవాల్సి వచ్చింది. ఇక్కడి నుంచి చివరి వరకు మురారిరావు హైదర్ వైపు వెళ్లలేదు. పక్షాలు మార్చే మనిషిగా పేరు పడ్డవాడు, బతుకులో చివరి పన్నెండేళ్లు ఒకే శత్రువుకు ఎదురుగా నిలిచాడు.

హొసకోట రాత్రి

1767లో హైదర్‌కూ ఇంగ్లీషు కంపెనీకీ మొదటి యుద్ధం మొదలైంది. మరుసటి ఏడు కర్నల్ జోసెఫ్ స్మిత్ సైన్యం కనుమలు ఎక్కి మన సీమకు వచ్చింది. కోలారు, ముళబాగిలు కంపెనీ చేతికి వచ్చాయి. ఆర్కాటు నవాబు ముహమ్మద్ అలీ కూడా కోలారుకు వచ్చి దిగాడు. ఆగస్టులో హొసకోట దగ్గర మురారిరావు దాదాపు 3,000 గుర్రాలతో, 2,000 కాల్బలంతో స్మిత్‌తో కలిశాడు. ఆయన శిబిరం ఇంగ్లీషు శిబిరానికి కాస్త ఎడంగా ఉంది.

ఆ ఎడాన్ని హైదర్ కనిపెట్టాడు. ఆ నెలలోనే ఒక రాత్రి తన రౌతులను మురారిరావు గుడారాల మీదికి ఉరికించాడు. కాల్బలం వెనక వస్తోంది. మురారిరావు అప్పుడిచ్చిన ఆజ్ఞ ఆయన యుద్ధ అనుభవానికి గుర్తు. తనవాళ్లెవరూ గుర్రం ఎక్కకూడదు. ప్రతివాడూ తన గుర్రం పక్కనే నేల మీద నిలబడాలి. చీకట్లో గుర్రం మీద కనబడ్డవాడు ఎవడైనా శత్రువే, నరకండి. గుడారాల తాళ్లకు హైదర్ గుర్రాలు తట్టుకుని చిక్కుకున్నాయి. అదే సమయానికి మురారిరావు ఏనుగు ఒకటి దెబ్బ తిని కట్లు తెంచుకుంది. తన గొలుసును తొండంతో పట్టుకుని విసురుతూ హైదర్ రౌతుల గుంపులోకి దూసుకుపోయింది. వెనక్కు తిరిగిన రౌతులు తమ కాల్బలం మీదనే పడ్డారు. ఇంగ్లీషువారు సాయానికి వచ్చేసరికే దాడి చెదిరిపోయింది.

అక్టోబరు 4న ముళబాగిలు కొండల దగ్గర మరో పెద్ద పోరు జరిగింది. హైదర్ చేతిలో చిక్కబోయిన ఇంగ్లీషు దళం, స్మిత్ సైన్యం వచ్చేసిందన్న బూటకపు కేకలతో బయటపడింది. నవంబరులో స్మిత్‌ను మద్రాసుకు పిలిపించాక కంపెనీ దళాలు వరసగా దెబ్బ తిన్నాయి. 1769లో హైదర్ మద్రాసు వాకిట నిలబడి సంధి రాయించాడు. ఆ సంధిలో కంపెనీ పక్షాన స్నేహితుల జాబితాలో తంజావూరు రాజుతో పాటు మురారిరావు పేరూ చేర్చారు.

ఈ యుద్ధాల్లో మన ఊళ్లు ఏమయ్యాయో ఆ సంధిపత్రాల్లో ఉండదు. 1760 నుంచి 1792 వరకు కోలారు కోట హైదర్, ఇంగ్లీషు, మరాఠా, మళ్లీ మైసూరు, మళ్లీ ఇంగ్లీషు, మళ్లీ మైసూరు చేతులు మారింది. రౌతులు దిగిన చోట పైరు మేత అవుతుంది. గెలిచిన పక్షం కప్పం వసూలు చేస్తుంది, ఓడిన పక్షం పోతూ పోతూ దోచుకుంటుంది. కోటలోని దొరలు పక్షం మార్చగలిగారు. చెరువు కింద రెండు మడులున్న రైతుకు మార్చడానికి పక్షమే లేదు. 1802లో లెఫ్టినెంట్ వారెన్ సరిహద్దు సర్వేకు వచ్చి ఉరిగాం, మారికుప్పం మట్టిలో బంగారం ఉందని రాసేనాటికి, ఈ నేల ఇలాంటి నలబై ఏళ్లు చూసింది.

గుత్తిలో మూడు రోజుల నీళ్లు

1770లో మాధవరావు మళ్లీ హైదర్ మీదికి వచ్చినప్పుడూ మురారిరావు మరాఠాల వైపే ఉన్నాడు. అయితే 1772లో మాధవరావు చిన్న వయసులోనే చనిపోయాడు. మరుసటి ఏడు అతని తమ్ముడు నారాయణరావును పుణె వాడాలోనే హత్య చేశారు. పీష్వా గద్దె కోసం సొంతవాళ్ల మధ్య పోరు మొదలైంది. దక్షిణాదిని చూసే తీరిక పుణెలో ఎవరికీ లేదు. హైదర్ ఎదురు చూసింది ఈ రోజు కోసమే. పోయిన సీమలన్నీ ఒక్కొక్కటిగా వెనక్కు లాక్కున్నాడు. 1775 చివర బళ్లారి పట్టుకుని, అక్కడి నుంచి గుత్తికి వచ్చాడు.

కప్పం కట్టమన్నాడు. మురారిరావు ఒప్పుకోలేదు. కొన్ని వారాల్లో కింది కోట, పేట పోయాయి. కింద నుంచి వచ్చిన జనం, పశువులు, గుర్రాలతో పై కోట నిండిపోయింది. తిండి ఉంది కానీ బావులు అడుగంటాయి. మురారిరావు రాజీకి దిగాడు. డబ్బు కొంత రొక్కంగా ఇచ్చి, మిగతాదానికి తన సేనాని యూనస్ ఖాన్ కొడుకును పూచీగా పంపాడు. హైదర్ మనుషులు ఆ కుర్రవాడికి విందు పెట్టి, పొగిడి, మాటల్లో దించారు. కోటలో మూడు రోజుల నీళ్లే ఉన్నందువల్ల రాజీ పడ్డామని అతను బయటపెట్టేశాడు. హైదర్ ఏదో సాకు చెప్పి రాజీ రద్దు చేసి మళ్లీ కోటను బిగించాడు. 1776లో గుత్తి లొంగిపోయింది.

మురారిరావును, కుటుంబాన్ని బందీలుగా తీసుకుపోయారు. ఆయనను కనకపుర దగ్గరి కబ్బాళదుర్గంలో ఉంచారు. ఆ కొండ మీద ఖైదు అంటే తిరిగి రానిచోటని ఆనాడు పేరు. అక్కడే కొంతకాలానికి కన్నుమూశాడు.

పుణె నుంచి సాయం రాలేదు. స్నేహితుడని సంధిలో రాసుకున్న మద్రాసు నుంచీ రాలేదు. పక్షాలు మార్చినంత కాలం ఆయన కోట నిలిచింది. మరాఠా జెండా కింద స్థిరంగా నిలబడ్డాక, ఆ జెండా నీడే ఆయన మీద లేకుండా పోయింది.

మిగిలింది

గుత్తి కోట మీద కొండ అంచున ఒక చిన్న మంటపం ఉంది. మురారిరావు కొలువు అంటారు. అక్కడ కూర్చుని చదరంగం ఆడేవాడని, ఎదుటి కొండ మీద నుంచి ఖైదీలను తోయించి చూసేవాడని స్థానికులు చెప్పుకుంటారు. ఆయన దయగల ప్రభువని మేమూ చెప్పడం లేదు. దోపిడీ, కప్పం, బెదిరింపు ఆయన బతుకులో భాగాలే.

1799లో టిప్పు పతనమయ్యాక గుత్తి నిజాం చేతికి, 1800లో దత్తమండలాలతో పాటు కంపెనీకి పోయింది. సండూరు ఘోర్పడేల చిన్న సంస్థానం మాత్రం 1949 దాకా సాగింది. హైదర్ 1782 డిసెంబరులో చిత్తూరు దగ్గర యుద్ధ శిబిరంలో చనిపోయాడు. ఆయన దేహాన్ని మొదట తెచ్చింది మన కోలారుకే, తండ్రి సమాధి దగ్గరికి. తర్వాతే శ్రీరంగపట్నం తరలించారు.

ఎవరి వైపు అని సరిహద్దు నేల మీద బతికేవాళ్లను ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బజారులో తమిళం, ఉర్దూ మాట్లాడే మనకు ఆ ప్రశ్న కొత్త కాదు. మురారిరావును ద్రోహి అనడం సులువు, వీరుడనడమూ సులువే. ఆయన చేసిన బేరాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే మాకు కనబడేది వేరు. పెద్ద రాజ్యాలు మాట తప్పితే దాన్ని రాజనీతి అన్నారు. మధ్యలో చిక్కిన చిన్నవాడు తప్పితే నమ్మకద్రోహం అన్నారు. ముహమ్మద్ అలీ తిరుచ్చి ఇవ్వలేదు, ఫ్రెంచివారు జీతం ఇవ్వలేదు, హైదర్ రాజీ నిలుపుకోలేదు, కంపెనీ సంధి గుర్తు పెట్టుకోలేదు. ఈసారి అనంతపురం వైపు వెళ్లినప్పుడు పిల్లలకు ఆ కొండ చూపించండి. హైదర్ కథతో పాటు మురారిరావు కథా చెప్పండి. రెండూ కలిస్తేనే మన సీమ చరిత్ర పూర్తవుతుంది.